పది గంటల పనిదినం: తీరికకు విలువ కట్టేదెవరు?

క్లుప్తంగా: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు 2025లో రోజువారీ పని గంటల పరిమితిని పదికి పెంచాయి. వారానికి 48 గంటలన్న పరిమితి మారలేదు కాబట్టి కార్మికులకు నష్టమేమీ లేదన్నది ప్రభుత్వాల వాదన. ఓవర్‌టైమ్ పరిమితి కూడా పెరిగింది కనుక, చట్టాన్ని దాటకుండానే వారానికి దాదాపు 59 గంటలు పని చేయించుకునే వీలు ఇప్పుడు ఏర్పడింది. పనికీ తీరికకూ మధ్య గీత ఎవరు గీస్తున్నారు, ఎలా గీస్తున్నారు, ఏది లెక్కకు వస్తోంది, ఏది రావడం లేదు అన్నవి ఈ వ్యాసంలోని అంశాలు.

చర్చకు నేపథ్యం

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎన్.ఆర్. నారాయణమూర్తి దేశంలోని యువత వారానికి 70 గంటలు పనిచేయాలని అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ ఆ సంఖ్యను 90కి తీసుకెళ్లి, ఆదివారాన్ని కూడా అందులో కలిపారు. అదే నెల చివరి రోజున పార్లమెంటు ముందుకు వచ్చిన ఆర్థిక సర్వే మాత్రం వారానికి 55 నుంచి 60 గంటలు దాటిన పని ఆరోగ్యానికి హానికరమని పరిశోధనలను ఉటంకిస్తూ హెచ్చరించింది. అంటే పరిశ్రమాధిపతుల పిలుపూ ప్రభుత్వ పత్రమూ ఒకే నెలలో భిన్నమైన మాటలు చెప్పాయి.

ఆ తర్వాత కొద్ది నెలలకే నిబంధనలు మారాయి. కర్మాగారాల్లో రోజుకు 9 గంటలుగా ఉన్న పరిమితిని 10కి పెంచే సవరణకు ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో ఆమోదం తెలపగా, సెప్టెంబరులో శాసనసభ దాన్ని ఆమోదించింది. అంతకుముందు ఐదు గంటల పని తర్వాత విరామం తప్పనిసరి కాగా, ఇప్పుడు ఆరు గంటల తర్వాత ఇస్తే సరిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2025 జులై 5న ఇచ్చిన ఉత్తర్వు దుకాణాలను మినహాయించి వాణిజ్య సంస్థలకు వర్తిస్తుంది. అక్కడ రోజుకు 8 గంటలున్న పరిమితి 10 అయింది. రెండు చోట్లా మూడు నెలల కాలానికి ఓవర్‌టైమ్ గరిష్ఠ పరిమితి 144 గంటలు. ఆంధ్రప్రదేశ్ కర్మాగారాల్లో అది అంతకుముందు 75 గంటలే.

ఈ మార్పుకు ప్రభుత్వాలు చెప్పిన కారణం వ్యాపార నిర్వహణను సులభతరం చేయడం. కార్మిక అంశాలు రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉన్నందువల్ల ఒక రాష్ట్రం పని గంటలు పెంచితే పక్క రాష్ట్రం మీద ఒత్తిడి పడుతుంది. 2023లో కర్ణాటక 12 గంటల పనిదినానికి వీలు కల్పించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అలాంటి బిల్లును ఆమోదించి, కార్మిక సంఘాల వ్యతిరేకతతో మే డే నాడు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. 2025లో గుజరాత్, మహారాష్ట్ర కూడా ఇదే దారి పట్టాయి. పెట్టుబడుల కోసం రాష్ట్రాల మధ్య సాగుతున్న ఈ పోటీలో భూమి, కరెంటు, పన్ను రాయితీల సరసన కార్మికుల సమయం కూడా చేరింది.

ఎనిమిది గంటలు ఎలా వచ్చాయి

రోజును మూడు భాగాలుగా చేసి ఎనిమిది గంటలు పనికి, ఎనిమిది గంటలు వినోదానికి, ఎనిమిది గంటలు విశ్రాంతికి కేటాయించాలన్న నినాదాన్ని బ్రిటన్ మిల్లు యజమాని రాబర్ట్ ఓవెన్ 1817లో ఇచ్చాడు. దాన్ని ముందుగా సాధించుకున్న వారిలో 1856 నాటి మెల్‌బోర్న్ రాతి మేస్త్రీలున్నారు. మే డేకు మూలమైన చికాగో ఘటనలు 1886 నాటివి.

భారతదేశంలో ఈ పోరాటం వారపు సెలవుతో మొదలైంది. బొంబాయి మిల్లు కార్మికులను 1884లో సంఘటితం చేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి చేసిన ప్రయత్నం ఫలించి, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఇవాళ ప్రకృతి సహజమన్నట్టుగా కనిపించే ఆదివారం ఒక కార్మిక ఒప్పందం ద్వారా వచ్చిందని గుర్తుంచుకోవడం అవసరం.

ఆ తర్వాతి చరిత్రను సంఖ్యల్లోనే చదవవచ్చు. 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవారి పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేసింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒప్పందంలోనే పరిశ్రమలకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని నిర్ణయించినప్పుడు, బ్రిటిష్ ఇండియాకు మాత్రం ప్రత్యేకంగా 60 గంటల వారాన్ని అనుమతించింది. 1922లో ఆ 60 గంటలే చట్టమైంది. 1934లో సంవత్సరం పొడవునా నడిచే కర్మాగారాలకు రోజుకు 10, వారానికి 54 గంటలు. 1946లో 9, 48. ఈ చివరి మార్పుకు రంగం సిద్ధమైనది వైస్రాయ్ మండలిలో బి.ఆర్. అంబేడ్కర్ కార్మిక శాఖ చూసిన 1942-46 కాలంలో. స్వతంత్ర భారతం 1948లో తెచ్చిన కర్మాగారాల చట్టం ఆ 9, 48 గంటలనే నిలబెట్టింది.

పాత కార్మిక చట్టాల స్థానంలో కేంద్రం తెచ్చి, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) రోజుకు 8 గంటలనే ప్రమాణంగా పెట్టాయి. కాబట్టి రాష్ట్రాల పది గంటల నిబంధనలకూ కేంద్ర స్మృతికీ పొంతన ఎలా కుదురుతుందన్నది అమలులో తేలాల్సిన విషయం.

లెక్క వేసి చూస్తే

వారానికి 48 గంటలు మారకుండా రోజుకు పది గంటలు పనిచేస్తే నాలుగు రోజుల్లో 40 గంటలు, ఐదో రోజున మిగిలిన 8 గంటలు పూర్తవుతాయి. మిగతా రెండు రోజులూ సెలవు. ఊరికి వెళ్లి రావాల్సిన వారికి, పరీక్షలకు చదువుకునే వారికి ఇది నిజంగా ఉపయోగపడే ఏర్పాటు. ఈ సవరణలను సమర్థించే వారి మనసులో ఉన్న చిత్రం ఇదే.

రెండో చిత్రం ఓవర్‌టైమ్‌ను కలిపితే కనిపిస్తుంది. మూడు నెలలంటే 13 వారాలు. 144 గంటలను 13తో భాగిస్తే వారానికి 11 గంటలకు పైనే వస్తుంది. 48కి అది కలిపితే 59. పాత 75 గంటల పరిమితితో ఇదే లెక్క వేస్తే వారానికి 54 గంటలకు మించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రచురించిన అంచనాలు ప్రమాదపు గీతను 55 గంటల దగ్గర గీశాయి: వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసే వారితో పోలిస్తే, 55 అంతకు మించి గంటలు పనిచేసే వారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016లో ఇలా ప్రపంచవ్యాప్తంగా 7,45,000 మంది చనిపోయారని ఆ అంచనా. పాత నిబంధన ఆ గీతకు ఇవతల ఉండేది, కొత్త నిబంధన అవతల ఉంది. 1922 నాటి 60 గంటలకు అది ఒక్క గంట దూరం.

ఇక రోజును దగ్గర నుంచి చూద్దాం. తెలంగాణ ఉత్తర్వు ప్రకారం పది గంటల పనిని విరామాలతో కలిపి 12 గంటల వ్యవధిలో పూర్తి చేయించవచ్చు. ఉదయం 8 గంటలకు హాజరు వేసుకున్న మనిషి రాత్రి 8కి బయటపడతాడు. రానుపోను రెండు గంటల బస్సు ప్రయాణం కలిపితే ఉదయం 7 నుంచి రాత్రి 9 వరకు 14 గంటలు ఇంటి బయటే. ఏడు గంటల నిద్ర తీసేస్తే మిగిలేది మూడు గంటలు. స్నానం, వంట, తిండి, గిన్నెలు, పిల్లల పుస్తకాలు, మర్నాటి ఉతికిన బట్టలు అన్నీ ఆ మూడు గంటల్లోనే. తొమ్మిదో గంటతో పోలిస్తే పదో గంట విలువ ఎక్కువ కావడానికి కారణం ఇదే: అది రోజులోని 24 గంటల్లోంచి కాక, మిగిలిన ఆ మూడు నాలుగు గంటల్లోంచి పోతుంది.

జీతం వైపు కూడా ఒక మార్పు ఉంది. ఎనిమిది గంటలే పరిమితి అయినప్పుడు తొమ్మిదో గంట ఓవర్‌టైమ్, దానికి రెట్టింపు కూలి. పరిమితి పది అయ్యాక, వారం మొత్తం 48 దాటనంత వరకు తొమ్మిదో గంటా పదో గంటా మామూలు గంటలే. పని ఎక్కువున్న రోజున పది గంటలు, తక్కువున్న రోజున ఆరు గంటలు చేయించుకునే సంస్థకు ఇది సౌలభ్యం. కార్మికుడికి మాత్రం రేపు ఎన్ని గంటలకు ఇల్లు చేరతాడో ముందుగా తెలియని పరిస్థితి. ముందు తెలియని తీరికతో ఏ పనీ పెట్టుకోలేరు, ఎవరికీ మాట ఇవ్వలేరు.

కూలి పెరిగితే తీరిక పెరుగుతుందా?

అర్థశాస్త్రం దీనికి రెండు విరుద్ధమైన సమాధానాలు ఇస్తుంది. గంటకు 100 రూపాయలు వచ్చే చోట 200 వస్తే, ఒక గంట ఊరికే కూర్చోవడానికి అయ్యే ఖర్చు రెట్టింపవుతుంది, కాబట్టి ఎక్కువ పనిచేయాలనిపిస్తుంది. మరోవైపు, ఇంటి అవసరాలకు కావలసిన డబ్బు సగం సమయంలోనే వస్తుంది, కాబట్టి తక్కువ పనిచేయవచ్చనిపిస్తుంది. మొదటిదాన్ని ప్రత్యామ్నాయ ప్రభావమని, రెండోదాన్ని ఆదాయ ప్రభావమని అంటారు. ఏది గెలుస్తుందన్నది మనిషి అప్పుల మీద, ఇంట్లో తినే నోళ్ల మీద, రేపు పని ఉంటుందన్న నమ్మకం మీద ఆధారపడుతుంది. నాట్ల కాలంలో, కోతల కాలంలో కూలీలు వెలుగుండగా ఒక్క పూట వదులుకోకపోవడానికి కారణం మూడోది. తర్వాతి నెలలో పని పిలుపు వస్తుందో రాదో తెలియదు.

సింగరేణి బొగ్గు గనుల్లో వారపు సెలవు దినానికి ‘ప్లేడే’ అని పేరు. మాటకు అర్థం ఆట రోజు. కానీ గనుల ప్రాంతంలో ప్లేడే అనగానే గుర్తొచ్చేది ఆ రోజున చేసే డ్యూటీ, దానికి వచ్చే రెట్టింపు కూలి. యాజమాన్యం ప్లేడే డ్యూటీలను తగ్గిస్తే కార్మికుల నుంచి అభ్యంతరం వస్తుంది. సెలవు ఇస్తామంటే వద్దనడం వింతగా తోచవచ్చు, కానీ నెల జీతం మీద ఇంటి వాయిదాలు, పిల్లల ఫీజులు లెక్కగట్టుకున్న కుటుంబానికి ఆ అదనపు కూలి ఆదాయంలో భాగమైపోయింది. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ధర పెట్టడంలోని అసలు ఉద్దేశం యజమానిని వెనకాడేలా చేయడం. కార్మికుడికి అదే ఆకర్షణగా మారినప్పుడు, సెలవును కాపాడాల్సిన నిబంధనే సెలవును అమ్ముకునే సంతగా పనిచేస్తుంది. దీనికి కార్మికుడిని తప్పుపట్టడం సరికాదు. మూల వేతనం ఎక్కడ సరిపోతుందో అక్కడ ఈ సంత పలచబడుతుంది.

ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1930లో, వందేళ్లలో మనుషులు వారానికి 15 గంటలు పనిచేస్తే సరిపోతుందని అంచనా వేశాడు. సంపద పెరుగుతుందన్న ఆయన ఊహ సంపన్న దేశాల్లో చాలావరకు నిజమైంది. గంటలు మాత్రం అంతగా తగ్గలేదు. పెరిగిన సంపద అందరికీ సమానంగా చేరకపోవడం ఒక కారణం. మరో కారణం, ఇల్లు, చదువు, వైద్యం వంటివి పక్కవారితో పోటీపడి కొనాల్సిన వస్తువులు కావడం. అందరూ రెండు గంటలు ఎక్కువ సంపాదిస్తే ఇళ్ల ధర కూడా ఆ మేరకు పైకి పోతుంది, ఎవరికీ అదనంగా గది రాదు. ఒక్కరే తమంతట తాముగా ఈ పరుగు ఆపలేరు. పని గంటలను వ్యక్తుల ఒప్పందానికి వదిలేయకుండా చట్టం నిర్ణయించాల్సిన అవసరం ఇక్కడే వస్తుంది.

యాభై గంటల తర్వాత తయారయ్యేది ఎంత

ఎక్కువ గంటలు పనిచేస్తే ఎక్కువ ఉత్పత్తి వస్తుందన్నది పైకి తిరుగులేని లెక్కగా కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాలు ఆ నమ్మకంతోనే ఆదివారాలు రద్దు చేశాయి. అక్కడ పనిచేసిన వారిలో మహిళలు ఎక్కువ. వారు వారవారం ఎన్ని గంటలు పనిచేసి ఎన్ని భాగాలు తయారుచేశారో ఆనాడే నమోదైంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త జాన్ పెంకావెల్ ఆ లెక్కలను తిరిగి విశ్లేషించి 2014లో ఫలితాలు ప్రచురించారు. వారానికి దాదాపు 49 గంటల వరకు గంటలు పెరిగిన కొద్దీ ఉత్పత్తి అదే నిష్పత్తిలో పెరిగింది. ఆ తర్వాత పెరుగుదల మందగించింది. 70 గంటల వారంలో వచ్చిన ఉత్పత్తికీ 56 గంటల వారంలో వచ్చిన దానికీ పెద్ద తేడా లేదు. ఆ 14 గంటలు కార్మికులు యంత్రం ముందే ఉన్నారు, అలసిపోయారు, కానీ చేతికి వచ్చింది దాదాపు ఏమీ లేదు.

దేశాల మధ్య పోలిక కూడా ఇదే దిశలో ఉంది. జర్మనీలో ఒక కార్మికుడు సగటున ఏడాదికి సుమారు 1,340 గంటలు, మెక్సికోలో సుమారు 2,200 గంటలు పనిచేస్తాడు. జర్మనీ సంపదకు తక్కువ గంటలే కారణమని దీన్నిబట్టి చెప్పలేం. యంత్రాలు, నైపుణ్యం, మూలధనం ముందు వచ్చాయి, తీరిక ఆ తర్వాత వచ్చింది. కానీ పేదరికానికి కారణం బద్ధకమన్న వాదనను మాత్రం ఈ లెక్కలు నిలవనివ్వవు. భారతదేశంలో ఉపాధి పొందుతున్న వారిలో దాదాపు సగం మంది ఇప్పటికే వారానికి 49 గంటలు, అంతకు మించి పనిచేస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ గణాంకాలు చెబుతున్నాయి. ఇక్కడ కొరత గంటలది కాదు, గంటకు దక్కే ఫలితానిది.

గంటలు పెంచి చూసిన దేశాలు వెనక్కి వస్తున్నాయి. అతి పని వల్ల సంభవించే మరణానికి ‘కరోషి’ అని ప్రత్యేకంగా పేరే పెట్టుకున్న జపాన్, 2019 నుంచి ఓవర్‌టైమ్‌ను సాధారణంగా నెలకు 45 గంటలకు పరిమితం చేసింది. దక్షిణ కొరియా 2018లో వారపు గరిష్ఠ పరిమితిని 68 నుంచి 52 గంటలకు దించింది. ఐస్‌లాండ్‌లో 2015-19 మధ్య దాదాపు 2,500 మంది జీతం తగ్గకుండా వారానికి 35, 36 గంటలు పనిచేసిన ప్రయోగాల్లో, చాలా చోట్ల సేవలు ఏమాత్రం కుంటుపడలేదు.

పని లేని తీరిక

ఇంతవరకు చూసినది ఒక పక్షం. పని కేవలం భారమైతే, పని లేకపోవడం వరం కావాలి. ఆస్ట్రియాలోని మరియంతాల్ అనే ఊరి అనుభవం అందుకు భిన్నం. 1930 ప్రాంతంలో అక్కడి మిల్లు మూతపడి ఊరు ఊరంతా ఉపాధి కోల్పోయింది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్‌ల బృందం 1931-32లో అక్కడి దాదాపు 480 కుటుంబాల రోజువారీ జీవితాన్ని నమోదు చేసింది. చదువుకోవడానికి కావలసినంత సమయం దొరికినా గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. పరిశోధకులు ఒక కిటికీ దగ్గర కూర్చుని ఊరి వీధిలో నడిచే వారి వేగాన్ని గమనించారు. మగవారు నెమ్మదిగా నడుస్తూ, మాటిమాటికీ ఆగిపోతున్నారు. ఆడవారు మాత్రం వేగంగా సాగిపోతున్నారు, ఎందుకంటే మిల్లు మూతపడినా పొయ్యి మూతపడలేదు.

ఈ పరిశోధన ఆధారంగా యహోదా తర్వాతి కాలంలో చెప్పిన విషయం ఇది: ఉద్యోగం జీతంతో పాటు రోజుకు ఒక క్రమాన్ని, ఇంటి బయటి మనుషులతో పరిచయాన్ని, నలుగురితో కలిసి ఒక లక్ష్యాన్ని, సమాజంలో ఒక గుర్తింపును ఇస్తుంది. అవి పోయినప్పుడు మిగిలే ఖాళీ సమయం తీరిక కాదు. తెలుగు మాటలోనూ ఈ అర్థం దాగి ఉంది. ‘తీరు’ అంటే పూర్తవడం. పని తీరినప్పుడు దొరికేది తీరిక. ప్రాచీన గ్రీకులో ఇందుకు తలకిందులుగా తీరికకు ‘స్ఖోలే’ అని సొంత మాట ఉంటే, పనికి ‘తీరిక లేమి’ అన్న అర్థంలో వ్యతిరేక పదం ఉండేది. ఆ తీరిక బానిసల శ్రమ మీద నిలిచిందన్న సంగతిని కూడా కలిపి చూడాలి.

తీరని పని

పని తీరితేనే తీరిక అయితే, ఎన్నటికీ తీరని పని చేసేవారి సంగతి ఏమిటి? 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న మహిళలు వాటి మీద రోజుకు 289 నిమిషాలు వెచ్చించారు. మగవారు 88 నిమిషాలు. పిల్లలను, వృద్ధులను చూసుకునే సమయం దీనికి అదనం.

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే మహిళల రోజు ఈ లెక్కలకు కూడా పూర్తిగా దొరకదు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. కూలి వెయ్యి బీడీలకు ఇంతని. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా కొన్ని, పిల్లలు బడికి వెళ్లాక కొన్ని, రాత్రి టీవీ సీరియల్ చూస్తూ మరికొన్ని. ఆ సీరియల్ చూసిన అరగంట పనా, తీరికా? చేతులు పనిలో, కళ్లు తెర మీద ఉన్న ఆ సమయానికి పని గంటల చట్టంలో చోటు లేదు. ముక్క కూలి ఉన్న చోట గడియారం ఇంట్లో మనిషి మెదడులోనే తిరుగుతుంది. సిరిసిల్ల మరమగ్గాల మీద పనికీ, డెలివరీ యాప్‌లలో ఇన్సెంటివ్ కోసం సాగే రైడ్‌లకూ ఇదే సూత్రం.

పై స్థాయి ఉద్యోగాల్లో ఇది మరో రూపంలో ఉంది. అమెరికా వేళలకు తగ్గట్టు రాత్రి పదికి కాల్‌లో కూర్చునే హైదరాబాద్ ఐటీ ఉద్యోగి పగటి పని గంటలు నిబంధనల ప్రకారమే కనిపించవచ్చు. నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే పర్యవేక్షక ఉద్యోగులు, జీతం ఎంతైనా సరే మేనేజర్లు కేంద్ర స్మృతిలోని కార్మికుల నిర్వచనంలోకే రారు. పని వేళల తర్వాత ఫోనుకు స్పందించకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024లో చట్టంలో చేర్చాయి. భారతదేశంలో అది ఇప్పటికీ ప్రైవేటు సభ్యుల బిల్లుల స్థాయిని దాటలేదు.

అమలులో చూడాల్సినవి

పది గంటల నిబంధన ప్రభావం పరిశ్రమను బట్టి మారుతుంది. కార్మిక సంఘం బలంగా ఉండి, రోస్టరు ముందే ప్రకటించే చోట అది ఐదు రోజుల వారంగా మారే అవకాశం ఉంది. కాంట్రాక్టు కార్మికులు ఎక్కువగా ఉండి, వారపు గంటలను నమోదు చేసే రిజిస్టరు కాంట్రాక్టరు చేతిలోనే ఉండే చోట, ఆరు రోజులూ పది గంటలే సాగే అవకాశం ఎక్కువ. రిజిస్టరులో 48 రాసి, గేటు దగ్గర 60 నడిస్తే తనిఖీ చేసే అధికారికి తెలిసే దారి ఒక్కటే, ఎవరో ఒకరు ఫిర్యాదు చేయడం.

కేంద్ర స్మృతి ఓవర్‌టైమ్‌కు కార్మికుడి సమ్మతి ఉండాలని చెబుతోంది. కాగితం మీద ఇది బలమైన రక్షణ. అయితే ఆ సమ్మతిని ఏ రోజుకు ఆ రోజు అడుగుతారా, లేక పనిలో చేరిన నాడే మిగతా కాగితాలతో కలిపి ఒక్కసారే సంతకం పెట్టించుకుంటారా అన్నదాన్ని బట్టి దాని బలం తేలుతుంది. ఇవాళ సాయంత్రం కూతురి స్కూల్లో సమావేశం ఉందని చెప్పి ఎనిమిది గంటల పని ముగియగానే గేటు దాటిన మనిషికి మర్నాడు డ్యూటీ పడితే, ఆ చట్టం పనిచేస్తున్నట్టు.